వాయు పరమాణువుల వేగాలు – ఉష్ణోగ్రత, పీడనాల నిర్ధారణ

1. ఉపోద్ఘాతం

వాయువు ఉష్ణోగ్రతను ఉష్ణమాపకంతో, పీడనాన్ని పీడనమాపకంతో కొలవడం పరిపాటి. పరమాణువుల వేగాలు తెలిస్తే ఈ రెండింటినీ లెక్కకట్టవచ్చునని వాయువుల అణుచలన సిద్ధాంతం చెబుతుంది. అయితే అసంఖ్యాకమైన పరమాణువుల వేగాలను ఒక్క సంఖ్యగా కుదించాలంటే సగటు తీయాలి. ఏ సగటు తీయాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఆర్గాన్ వంటి ఏకపరమాణుక వాయువును ఆదర్శ వాయువుగా భావించి ఈ ప్రశ్నను పరిశీలించడం వ్యాసోద్దేశం.

2. వడి – వేగం

వ్యవహారంలో ‘వడి’, ‘వేగం’ పర్యాయపదాలు. భౌతికశాస్త్ర పరిభాషలో మాత్రం వడికి పరిమాణమే ఉంటుంది. వేగానికి పరిమాణంతోపాటు దిశ కూడా ఉంటుంది. కదలకుండా ఉన్న పాత్రలోని వాయువులో తూర్పుకు పోయే పరమాణువులు ఎన్నో, పడమరకు పోయేవీ దాదాపు అన్నే. కనుక వాటి సగటు వేగం సున్నా అవుతుంది. సగటు వడి సున్నా కాదు. లారీపై వెళ్తున్న సిలిండర్‌లోని వాయువుకు లారీ వేగమే సగటు వేగం. అంతమాత్రాన ఆ వాయువు వేడెక్కదు. అందువల్ల ప్రతి పరమాణువు వేగం నుంచి ముందుగా ఈ ఉమ్మడి వేగాన్ని తీసివేయాలి. మిగిలిన అస్తవ్యస్త చలనమే లెక్కకు ఆధారం.

3. పీడనం

పరమాణువు పాత్ర గోడను లంబంగా తాకి అదే వడితో వెనుదిరిగితే దాని ద్రవ్యవేగంలో వచ్చే మార్పు, ద్రవ్యరాశి, వడుల లబ్ధానికి రెట్టింపు. వడి పెరిగితే ఒక్కొక్క తాకిడి బలపడుతుంది. తాకిళ్లు కూడా అంత తరచుగా జరుగుతాయి. ఇలా వడి రెండు విధాల పనిచేయడం వల్లనే పీడనం వడి వర్గంపై ఆధారపడుతుంది. చలనం మూడు దిశల్లోనూ సమానంగా పంచుకొని ఉంటుంది కనుక ఒక్కొక్క దిశకు మూడో వంతు వస్తుంది. ఫలితంగా:

పీడనం = ⅓ × ఘనపు మీటరులోని పరమాణువుల సంఖ్య × పరమాణు ద్రవ్యరాశి × వడి వర్గాల సగటు.

4. ఉష్ణోగ్రత

పరమాణువు సగటు గతిజశక్తి, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, పరమ ఉష్ణోగ్రతల లబ్ధానికి ఒకటిన్నర రెట్లు. దీని నుంచి:

ఉష్ణోగ్రత = (పరమాణు ద్రవ్యరాశి × వడి వర్గాల సగటు) ÷ (3 × బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం).

ఈ స్థిరాంకం విలువ 1.380649 × 10⁻²³ జౌల్/కెల్విన్. 2019 నుంచి కెల్విన్ నిర్వచనానికి ఇదే ఆధారం. ఉష్ణోగ్రత సూత్రంలో పరమాణువుల సంఖ్య లేదు. పీడన సూత్రంలో ఉంది. వడులు మారకుండా పాత్రలోని పరమాణువుల సంఖ్యను రెట్టింపు చేస్తే పీడనం రెట్టింపవుతుంది, ఉష్ణోగ్రత మారదు.

5. ఉదాహరణ

గణన విధానం స్పష్టం కావడానికి, ఆర్గాన్ పరమాణువుల వడులకు ప్రతినిధులుగా సెకనుకు 200, 300, 400, 500, 600 మీటర్లు అనే ఐదు విలువలను తీసుకోవచ్చు. వీటి సగటు 400. వర్గాల సగటు 1,80,000. దాని వర్గమూలం సుమారు 424. ఆర్గాన్ పరమాణు ద్రవ్యరాశి 6.63 × 10⁻²⁶ కిలోగ్రాములు. వర్గాల సగటును సూత్రంలో ఉంచితే ఉష్ణోగ్రత సుమారు 288 కెల్విన్‌లు, అంటే 15 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. దానికి బదులు సగటు వడి 400ను వర్గం చేసి ఉంచితే 256 కెల్విన్‌లు వస్తుంది. అది సున్నా సెల్సియస్‌కు 17 డిగ్రీలు దిగువ. సగటును ఎంచుకోవడంలో పొరపాటు హాయిగా ఉన్న గదిని మంచుగడ్డ స్థితికి దింపుతుంది. ఘనపు మీటరులో 2.5 × 10²⁵ పరమాణువులు ఉంటే పీడనం సుమారు 99,000 పాస్కల్‌లు. ఇది సాధారణ వాతావరణ పీడనానికి సమీపమైన విలువ.

6. చారిత్రక నేపథ్యం

పీడనానికీ వడి వర్గానికీ ఉన్న సంబంధాన్ని డేనియల్ బెర్నూలీ 1738లో ‘హైడ్రోడైనమికా’ గ్రంథంలో చూపారు. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నావికా విద్యార్థులకు బోధిస్తుండిన జాన్ జేమ్స్ వాటర్‌స్టన్, ఉష్ణోగ్రతను కూడా వడి వర్గంతో ముడిపెడుతూ 1845లో లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించారు. సమీక్షకులు దానిని తిరస్కరించారు. క్లాసియస్ 1857లో, మాక్స్‌వెల్ 1860లో వెలువరించిన వ్యాసాలతో ఈ సిద్ధాంతం స్థిరపడింది. మరుగున పడిన వాటర్‌స్టన్ రాతప్రతిని సొసైటీ భాండాగారంలో గుర్తించి, లార్డ్ రేలీ 1892లో ప్రచురింపజేశారు. అప్పటికి రచయిత మరణించి తొమ్మిదేళ్లయింది.

7. ముగింపు

ఉష్ణోగ్రత, పీడనం ఏ ఒక్క పరమాణువుకూ చెందిన గుణాలు కావు; అవి సమూహానికి చెందినవి. ఉమ్మడి వేగాన్ని తీసివేసి, మిగిలిన వడుల వర్గాలకు సగటు తీస్తేనే అవి సరిగా లభిస్తాయి. వడి, వేగం, సగటు వడి, వడి వర్గాల సగటు అనే పదాల మధ్య భేదాన్ని పాటించడం కేవలం పరిభాషా నియమం కాదు. ఆ భేదం చెరిగితే వచ్చే ఫలితమే తప్పుతుంది. శాస్త్రవిషయాలను తెలుగులో రాసేవారూ, అనువదించేవారూ, బోధించేవారూ ఈ పదాలను ఒకదాని స్థానంలో మరొకటి వాడకపోవడం అందుకే అవసరం.