ఎక్కేటప్పుడు గుండె, దిగేటప్పుడు మోకాలు

నిజామాబాదు నుంచి ఆర్మూరు మీదుగా జగిత్యాల వెళ్ళే బస్సులో మీరెప్పుడైనా ప్రయాణం చేశారా? కమ్మర్‌పల్లి వచ్చేసరికి పసుపు చేలు, వాటి వెనుక చిట్టడవి కప్పుకున్న గుట్టలు కనిపిస్తాయి. సంక్రాంతి దాటిన తర్వాతయితే పసుపు తవ్వి ఉడకబెట్టే వాసన బస్సులోకి కూడా వస్తుంది. అక్కడ పసుపు పరిశోధనా స్థానం ఉన్నదని చాలామందికి తెలుసు. ఆ గుట్టల మీది బండ్ల బాటలు మంచి వ్యాయామశాలలని మాత్రం ఈ మధ్యనే కొందరు కుర్రవాళ్ళు కనిపెట్టారు.

జర్మనీలో రైన్ నది ఒడ్డున ద్రాక్షతోటల నడుమ, అడవి కొండల మీద, పాడుబడిన కోటల చుట్టూ కాలిబాటల వెంట పరుగెత్తడం అక్కడివారికి అలవాటు. దీనినే 'ట్రెయిల్ రన్నింగ్' అంటారు. మనకు ద్రాక్షతోటలు లేకపోతేనేం, పసుపు చేలున్నాయి, బోధన్ వైపు చెరుకు తోటలున్నాయి. కోటలకూ కొదవ లేదు. దాశరథి కృష్ణమాచార్య నిర్బంధంలో ఉన్న ఇందూరు ఖిల్లా ఉంది. అదే రోడ్డున ఇంకా ముందుకు పోతే జగిత్యాలలో నక్షత్రాకారపు కోట ఉంది. ఆర్మూరులో నవనాథ సిద్ధుల గుట్ట, భీమ్‌గల్ దగ్గర లింబాద్రి గుట్ట సరేసరి. తారురోడ్డు మీద వాహనాల పొగ పీలుస్తూ పరుగెత్తే కంటే ఇది ఎంతో నయం. కాని గుట్ట బాట మన శరీరాన్ని రెండు వేరు వేరు పరీక్షలు పెడుతుంది. ఎక్కేటప్పుడు గుండెకు, దిగేటప్పుడు మోకాళ్ళకు. ఈ తేడా తెలియక బాధలు కొనితెచ్చుకునేవారిని చూస్తున్నాను.

ఒకాయన సంగతి చెబుతాను. వయస్సు 54. నిజామాబాదులో కిరాణా దుకాణం, స్వగ్రామం కమ్మర్‌పల్లి దగ్గరి పల్లె. పండుగకు హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకు ఖరీదయిన బూట్లు కొనిచ్చి, "నాతో రా నాయనా, గుట్ట మీదికి ఉరుకుదాం" అన్నాడు. చిన్నతనంలో తునికాకు కోసం ఆ గుట్టంతా తిరిగిన మనిషే గనుక ఆయనా ఉత్సాహంగా బయలుదేరాడు. సగం దూరంలో, వేపచెట్టు దగ్గర, రొమ్ము మీద బండ పెట్టినట్టయింది. దవడ లాగింది. ఐదు నిమిషాలు నిలబడితే తగ్గింది. ఇంటికి వచ్చి సోడా తాగాడు. రెండవ రోజూ అదే చెట్టు దగ్గర అదే బరువు, మళ్ళీ సోడా. మూడవ రోజూ అంతే. "గ్యాస్ పట్టింది, గంతే" అని కొట్టిపారేస్తే కోడలు ఒక్క ప్రశ్న వేసింది: "గ్యాసయితే రోజూ గా వేపచెట్టు కాడనే ఎందుకొస్తది మామా?"

ఏ వైద్యుడయినా అడగవలసిన ప్రశ్న అది. గుండెకు రక్తం అందించే నాళాలు సన్నబడినప్పుడు, విశ్రాంతిలో సరిపోయే రక్తం శ్రమలో సరిపోదు. అందువల్ల ఒక కొలత శ్రమ దాటగానే నొప్పి, ఆగగానే ఉపశమనం. గ్యాసుకు చెట్ల లెక్క తెలియదు. ఆయనను నా దగ్గరకు తీసుకువచ్చినప్పుడు ఈసీజీ బాగానే ఉంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన నాళాలు బాగున్నట్టు కాదు. కొత్తగా మొదలైన ఇలాంటి నొప్పిని ఒక్కరోజు కూడా ఉపేక్షించరాదు గనుక ఆ రోజే హైదరాబాదు పంపాను. యాంజియోగ్రామ్‌లో రెండు నాళాలు బాగా పూడుకున్నట్టు తేలింది. స్టెంట్లు వేశారు. గుట్ట ఆయనకు కీడు చేయలేదు సుమా! దుకాణంలో గల్లా పెట్టె ముందు కూర్చున్నంత కాలం బయటపడని జబ్బును బయటపెట్టింది.

స్త్రీలలోనూ, చక్కెర వ్యాధి ఉన్నవారిలోనూ రొమ్ము నొప్పే రాకపోవచ్చు. ఎన్నడూ లేని ఆయాసం, చెమట, పైకడుపులో బరువు, విపరీతమైన నీరసం, ఇవే గుర్తులు కావచ్చు. నొప్పి విశ్రాంతితో తగ్గకుండా పది నిమిషాలు నిలిచినా, చెమటలు పట్టినా ఆలోచించకుండా 108కి ఫోను చేయండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు లేదా రక్తస్రావం ఉన్నవారు తప్ప మిగతావారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మ్రింగవచ్చు. రోగిని మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోకండి.

అయితే ఎలా మొదలుపెట్టాలి? నలభై దాటినవారు, రక్తపోటు, చక్కెర ఉన్నవారు, పొగతాగేవారు, ఇంట్లో చిన్న వయస్సులోనే గుండెజబ్బు వచ్చినవారున్నవారు ముందు వైద్యునికి చూపించుకోండి. తర్వాత నెల, నెలన్నర సమతలం మీదనే చురుకుగా నడవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకం శ్రమ. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. అది సులువయ్యాక గుట్ట ఎక్కండి, కాని నడిచి. ప్రక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా? సరే. రెండు మాటలకే ఊపిరి తెగుతున్నదా? వేగం తగ్గించండి. పరుగు అన్నిటికంటె చివర, అదీ బాట చదునుగా ఉన్నచోట. ఈ విద్యలో ఆరితేరినవారు కూడా నిటారు చోట్ల నడుస్తారు, దానికి నామోషీ పడరు. ఈ జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 14 ఏళ్ళు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయి మొదట భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చుకుని, తర్వాత హిమాలయాలలో శిక్షణ పొంది గాని ఎవరెస్టు మీదికి పోలేదు. మనం మాత్రం కొత్తబూట్లు వచ్చిన మరునాడే కోట బురుజు ఎక్కాలంటాం.

ఇక దిగడం. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అని మీరనుకుంటున్నారు కదూ? ఊపిరికి సుఖమే. కాళ్ళకు కాదు. బరువైన మూటను మేడ మీదినుంచి తాడుతో మెల్లగా దించేటప్పుడు చేతులెంత పీకుతాయో, దిగుడులో తొడ కండరాలు అంత పని చేస్తాయి. సాగుతూనే శరీరం బరువును ఆపాలి. అందుకే కండరాలలో సన్నని చిరుగులు పడి, ఆ రోజు కాక రెండవ, మూడవ రోజున మెట్లు దిగలేనంత నొప్పి వస్తుంది. అది నాలుగైదు రోజులలో దానంతటదే పోతుంది. (మూత్రం నల్లగా, కోలా పానీయం రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.) మోకాలిచిప్ప మీద వత్తిడి కూడా దిగేటప్పుడే ఎక్కువ. అడుగులు చిన్నవిగా వేయండి. మోకాళ్ళు కొద్దిగా వంచి ఉంచండి. చూపు పాదాల మీద కాక నాలుగడుగుల ముందు ఉండాలి. కోటగోడల దగ్గర వదులు రాళ్ళుంటాయి. వానాకాలం పాచి పడితే బండ సబ్బులా జారుతుంది. అక్కడ పరుగు వద్దు, ఫోటోల కోసం గోడ అంచుకు పోవద్దు.

కాలు మడతపడితే మనవాళ్ళు చేసే మొదటి పని నూనె రాసి బలంగా తోమించడం. ఇది తప్పు. మొదటి రెండు రోజులు మర్దన వద్దు, కాపడం వద్దు. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున రోజుకు మూడు, నాలుగుసార్లు పెట్టండి. క్రేపు బ్యాండేజి చుట్టి, కాలు దిండు మీద ఎత్తిపెట్టండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముకను నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించాలి. పసుపు పట్టు వేయవచ్చునా అని ఈ ప్రాంతంవారు తప్పక అడుగుతారు. పుండు లేనిచోట వేసుకోండి, అడ్డు చెప్పను. కాని విరిగిన ఎముక పసుపుతో కనబడదు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. గుట్ట మీద గుడి ఉంటుంది, చెప్పులు కింద విడుస్తారు. పాదాలలో స్పర్శ తగ్గినవారికి మిట్టమధ్యాహ్నపు బండ కాలుస్తున్న సంగతే తెలియదు. ఇంటికి వచ్చి చూసుకుంటే అరికాలి నిండా బొబ్బలు! అవి మానక వేలు తీసివేయవలసి వచ్చినవారున్నారు. దర్శనానికి ఎండ ముదరకముందే పోండి, దిగగానే అరికాళ్ళు చూసుకోండి, కంటికి ఆనకపోతే మనుమరాలిని చూడమనండి. ఇన్సులిన్ గాని, చక్కెర బాగా పడిపోయే మాత్రలు గాని వాడేవారు జేబులో గ్లూకోజు పొట్లం లేకుండా బాట పట్టవద్దు.

ఇల్లాలు నాలుగు మెట్లకే రొప్పుతుంటే "లావయ్యావు" అని వెక్కిరించే భర్తలు ముందు ఆమెకు రక్తపరీక్ష చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేనప్పుడు ఎంత అభ్యాసం చేసినా ఆయాసం పోదు.

మార్చి దాటితే ఈ జిల్లా ఎండలు మీకు తెలియనివి కావు. సూర్యోదయం అయ్యాక బయలుదేరి, ఎండ ఎక్కకముందే తిరిగి రండి. చీకటితో పోతే పాములు, ఎలుగుబంట్ల భయం. ఒంటరిగా పోకండి, ఏ బాట మంచిదో ఊరివారిని అడగండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ చేయక, కాలు కదలనీయకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. ఎండలో తోటివాడు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా వడదెబ్బ అనుకుని నీడకు చేర్చి ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి, 108ని పిలవండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్ళు పోయరాదు. గంట దాటి తిరిగేవారు ఓఆర్ఎస్ పొట్లం తీసుకుపోండి. దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపినా సరిపోతుంది.

మన కిరాణా దుకాణం పెద్దమనిషి మూడు నెలల తర్వాత వైద్యుల అనుమతితో మళ్ళీ నడక మొదలుపెట్టాడు. మొన్న దసరాకు ఊరికి పోయి గుట్ట సగం వరకు, నడిచే, ఎక్కి వచ్చాడట. వెంట కోడలు కూడా పోయింది. వేపచెట్టు దగ్గర ఆగి, "ఏమన్న అనిపిస్తుందా మామా?" అని అడిగిందట. ఏమీ లేదన్నాడు. ఇంట్లో సోడా సీసాలు మాత్రం ఆమె ఇంకా రానివ్వడం లేదు.