దోమ లాలాజలమే రోగాలకు దారి

దోమ రక్తం పీల్చుకుని ఎగిరిపోయిన తరువాతే చాలామందికి దురద తెలుస్తుంది. ఇందుకు కారణం దాని లాలాజలం. చర్మానికి చిన్న గాయమైనా రక్తస్రావాన్ని ఆపేందుకు శరీరం వెంటనే ప్రయత్నిస్తుంది. రక్తనాళం ముడుచుకుంటుంది. ప్లేట్‌లెట్లు గుమిగూడి గాయాన్ని మూస్తాయి. ఆపై రక్తం గడ్డకడుతుంది. ఈ మూడు అడ్డంకులను దాటితేనే దోమకు ఆహారం దక్కుతుంది.

గుడ్ల వృద్ధికి రక్తం అవసరం కనుక ఆడదోమలే కుడతాయి. వాటి తొండంలో సూదుల వంటి ఆరు సన్నని భాగాలుంటాయి. ఒకదాని గుండా లాలాజలం చర్మంలోకి దిగగా, మరొకదాని గుండా రక్తం పైకి చేరుతుంది.

అడ్డంకులకు విరుగుడు

లాలాజలంలోని అపైరేజ్ అనే ఎంజైము, ప్లేట్‌లెట్లను గుమిగూడేలా చేసే ఏడీపీ అనే రసాయనాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమలోని సియలోకైనిన్ రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమల్లోని అనాఫెలిన్, రక్తం గడ్డకట్టడానికి కీలకమైన త్రాంబిన్‌ను నిరోధిస్తుంది. నల్లులు కూడా ఇదే పనికి నైట్రిక్ ఆక్సైడ్‌ను మోసే ప్రొటీన్‌ను వాడుకుంటాయి. ఈ పరాయి ప్రొటీన్లను రోగనిరోధక వ్యవస్థ గుర్తించి ఎదుర్కోవడం వల్లనే దద్దుర్లు, దురద ఏర్పడతాయి.

రోగక్రిములకు రహదారి

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధిస్తూ, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని నిరూపించారు. దీంతో దోమ కాటు ద్వారానే రోగం సోకుతుందన్న విషయం తేటతెల్లమైంది.

లాలాజలం కేవలం వాహకం కాదు. ఎలుకలకు డెంగీ వంటి వైరస్‌లను దోమ లాలాజలంతో కలిపి ఎక్కించినప్పుడు వ్యాధి మరింత తీవ్రమైనట్లు పరిశోధనల్లో తేలింది. అందుకే లాలాజల ప్రొటీన్లనే లక్ష్యంగా చేసుకున్న టీకాపై 2017లో అమెరికాలో మానవులపై తొలిదశ ప్రయోగం జరిగింది. ఆ ఫలితాలు 2020లో వెలువడ్డాయి.

రక్తం పీల్చడానికి ముందే లాలాజలం లోపలికి చేరుతుంది. కనుక కుట్టిన దోమను చంపినంత మాత్రాన ముప్పు తప్పదు. అసలు కుట్టకుండా చూసుకోవడమే మేలు. అనాఫిలిస్ ప్రధానంగా రాత్రివేళ, ఏడిస్ పగటివేళ కుడతాయి. రాత్రి దోమతెర వాడటంతోపాటు పగలు ఒంటినిండా దుస్తులు ధరించడం, ఇంటి పరిసరాల్లో నీరు నిల్వ ఉండకుండా జాగ్రత్తపడటం అవసరం.