కాకినాడ వర్తకులపై జరిగిన యొక ప్రయోగము

మనుష్యుని నడవడిని మార్చుటకు హితబోధయే తగిన సాధనమని తలిదండ్రులు, ఉపాధ్యాయులు, ప్రభుత్వాధికారులు సమానముగా విశ్వసింతురు. కాని విన్నవాడు తల యూపి, విన్నది మంచిదేయని యొప్పుకొని, మరునాడు పాతదారినే నడచుట మనము నిత్యము చూచుచున్నదే. దీనికి కారణము మూర్ఖత్వము గాదు, సోమరితనమును గాదు. చేయదగిన దేదో తెలియుట వేఱు, దానిని చేయగలవాడను నేనని నమ్ముట వేఱు. ఆ నమ్మికను పెద్దవారిలో కలిగింప వీలగునా యని పరీక్షింపదలచి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలండ్ 1964లో మన కాకినాడ పట్టణమును ఎంచుకొనెను.

1961లో వెలువడిన 'ది అచీవింగ్ సొసైటీ' యను గ్రంథమున ఆయన, దేశముల యార్థికాభ్యుదయమునకు ప్రజల మనస్సులలోని సాధనాకాంక్ష ముఖ్యకారణమని వాదించియుండెను. సాధనాకాంక్ష యనగా ధనాశ గాదు. తలపెట్టిన పనిని మునుపటికంటె మెరుగుగా చేయవలెనను తపన. ఇది బాల్యముననే స్థిరపడిపోవునను అభిప్రాయము నాడు బలముగా నుండెను. అయినను మెక్లెలండ్ బృందము, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సహకారముతో, కాకినాడ వర్తకులకును చిన్న పరిశ్రమల యజమానులకును సుమారు పదిదినముల శిక్షణ నిచ్చి, పోలికకై శిక్షణ పొందని రాజమహేంద్రవరము వర్తకులను గమనించెను.

ఆ శిక్షణలో ఉపన్యాసములకు ప్రాధాన్యము లేదు. ఒక చిత్రమును చూపి కథ వ్రాయుమనిరి; ఆ కథలోని మనుష్యుడు ఏమి కోరుచున్నాడు, అడ్డంకి వచ్చినపుడు ఏమి చేయుచున్నాడు, ఓటమిని ముందే యూహించి కూర్చున్నాడా యను విషయములను పరిశీలించుట వ్రాసినవారికే నేర్పి, ఎవరి యాలోచనల పోకడ వారికే కన్పట్టునట్లు చేసిరి. వేఱొకయెడ ఒక గుంజను నిలిపి, దానిపై వలయములు విసరుమనిరి. ఎంత దూరమున నిలువవలెనో విసరువాడే నిశ్చయించుకొనవలెను. అతి సమీపమున నిలుచువానికి గెలుపు తప్పదు గాని అందు సంతోషము లేదు. మిక్కిలి దూరమున నిలుచువాడు భారమంతయు అదృష్టముపై వేయును. సాధనాకాంక్ష గలవాడు, శ్రమించినచో గెలువదగిన నడిమి దూరమును ఎంచుకొనును. ఈ చిన్న యాటను నేను మిక్కిలి గౌరవింతును. అప్పు తెచ్చి అంగడిని విస్తరింపబోవు వర్తకుడును, పరీక్షకు చదువు విద్యార్థియు, పొగత్రాగుట మానదలచిన గృహస్థుడును ముందుగా తేల్చుకొనవలసినది ఈ దూరమునే గదా! చివరకు ప్రతివాడును తాను సాధింపదలచిన దానిని, కొలిచి చూచుకొనుటకు వీలగునట్లు, కాగితముపై తానే వ్రాసికొనెను. దానిని శిక్షకులు విధింపలేదు.

ఫలితములను మెక్లెలండ్, డేవిడ్ వింటర్ అనువారు 1969లో గ్రంథరూపమున ప్రకటించిరి. శిక్షణకు పూర్వము వ్యాపారమున విశేషమైన చొరవ చూపినవారు ఇరుపక్షములలోను ఐదవవంతుకు అటునిటుగా నుండగా, పిదప రెండేండ్లలో శిక్షణ పొందినవారియందు ఇట్టివారు సుమారు సగమైరి. పొందనివారియందు నాలుగవవంతును మించలేదు. సంప్రదాయ విశ్వాసములు గలవారును ఇందు వెనుకబడలేదు. పాత యాచారములను త్యజించినగాని మన దేశీయులకు అభివృద్ధి లేదని పలికిన పండితులకు ఇది గట్టి సమాధానము.

అన్నింటికంటె నన్ను ఆలోచింపజేసిన విషయ మింకొకటి కలదు. తమ వ్యాపారమున నిర్ణయములు చేయు అధికారము గలవారిలోనే ఈ మార్పు ప్రధానముగా కనబడెను. తండ్రియో అన్నయో చెప్పినట్లు నడువవలసినవారిలో, ఉత్సాహ మెంత కలిగినను, అది కార్యరూపము దాల్చుట అరుదయ్యెను. చేతులు కట్టివేయబడినవానికి ప్రోత్సాహమును నూరిపోసి, ఫలితము రానప్పుడు వానినే నిందించుట అన్యాయము. కావున శిక్షణ శిబిరములు నడుపువారికిని, పిల్లలను, ఉద్యోగులను మార్చదలచు పెద్దలకును నా మనవి యొక్కటే: బోధకు పూనుకొనుటకు ముందు, ఆ పనిలో నిర్ణయాధికారము కొంతయైనను వారి చేతి కిండు.