పులి మరల వచ్చు రాత్రి

లక్డీకాపూల్ కూడలిలో బస్సుల రొద నడుమ నిలిచినవానికి పెద్దపులి తలపునకు రాదు గాని, అచటికి కూతవేటు దూరమున సైఫాబాదులోనున్న అటవీశాఖ కార్యాలయము అరణ్యభవన్ నుండియే తెలంగాణమందలి పులుల యోగక్షేమములు విచారింపబడుచున్నవి.

1973లో కేంద్రప్రభుత్వము ప్రాజెక్టు టైగరును ఆరంభించిన పదేండ్లకు నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము అందు చేరెను. రాష్ట్రవిభజనానంతరము కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పేరిట తెలంగాణకు దక్కినది. నల్లమలలో తరతరములుగా పెంటలనెడి గూడెములు కట్టుకొని బ్రతుకుచున్న చెంచులలో కొందరిని శాఖవారు కాపలాకు నియోగించిరి. అడవి జాడలు ఎరిగినవారిని విడిచి మరెవ్వరిని నియోగింతురు? వెనుక పులి అడుగుజాడలకు అచ్చులు తీసియే పులులను లెక్కించెడివారు. నేడు కాలిబాటకు ఇరుప్రక్కల, చెట్లకు మోకాలియెత్తున కెమెరాలు కట్టుచున్నారు. రెండేల యన, పులి కుడిప్రక్క చారలు ఎడమప్రక్క చారలతో సరిపోలవు; వేర్వేరు చోట్ల ఒక్కొక్క ప్రక్కయే చిక్కినచో ఒక పులి రెండుగా లెక్కకెక్కును.

ఉత్తరమున కథ వేరు. మహారాష్ట్రలోని తాడోబా అడవిలో తల్లిని విడిచిన పడుచుపులులు తావు వెదకుకొనుచు ఆసిఫాబాదు జిల్లాకు వచ్చును. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటితమైన కవ్వాల్ వాటికై యుండగా, దానిని చేరకమునుపే కాగజ్‌నగరము చుట్టుపట్ల, పత్తిచేల యంచుననే మకాము వేయుచున్నవి. 2024 జనవరిలో అచట కొద్దిదినముల వ్యవధిలో రెండు పులులు మరణింపగా, విషము పెట్టిన పశుకళేబరముపై అనుమానము నిలిచెను. ఆ యేటి నవంబరులోనే చేలో పని చేయుచున్న యువతి నొకతెను పులి పొట్టన బెట్టుకొనెను. ఆ యూరివారితో పులి జాతీయ జంతువని చెప్పబోవువాడు ముందుగా ఆ చేనిలో ఒక పూట పత్తి యేరి రావలయును.

చంపిన పశువును పులి ఒక్కపూటలో తినివేయదు. పొదలలోనికి ఈడ్చి, కడుపార తిని, మిగిలినదానికై మరునాటి రాత్రి మరల వచ్చును. పత్తి పండించు ఊళ్లలో పురుగులమందు లేని యిల్లుండదు. పాడియావును పోగొట్టుకొన్న రైతు ఆ నడిమి పగటిపూట ఏమి నిశ్చయించుకొనునో, దానిని బట్టియే పులి ఆయువున్నదని నాకు తోచును. పశువైద్యుని ధ్రువపత్రము, పంచనామా, పైయధికారుల సంతకములు, ఇవన్నియు తరువాత తీరికగా సాగవచ్చును. ఆవు వెలలో కొంతయైనను ఆనాడు చీకటి పడకముందే అతని చేతిలో పడవలయును.