‘సాధ్యం కాదు’ నుంచి పాలపొడి దాకా: ఆనంద్ చెప్పే పాఠం

గేదె పాలను పొడిగా మార్చడం సాధ్యం కాదు. 1950ల ఆరంభంలో పాడి పరిశ్రమలో ఆరితేరిన దేశాల నిపుణులు వెలిబుచ్చిన నిశ్చితాభిప్రాయమిది. ఆ దేశాలలో పాలంటే ప్రధానంగా ఆవు పాలే. అక్కడి యంత్రాలు, పద్ధతులు, పరిశోధనలు అన్నీ ఆవు పాల చుట్టూ రూపుదిద్దుకున్నవే. ఏడు శాతం వరకు కొవ్వు ఉండే గేదె పాలతో వారికి పెద్దగా పని పడలేదు. పని పడని విషయంలో వెలువడిన ఆ అభిప్రాయాన్నే మన దేశం శిరోధార్యంగా భావించి ఉంటే భారత పాడి పరిశ్రమ చరిత్ర మరో విధంగా ఉండేది.

వ్యాపార రంగంలో కొత్త ఆలోచనలకు ఎదురయ్యే ఆటంకాల గురించి నేడు విస్తృతంగా చర్చ జరుగుతోంది. ఆ ఆటంకాలు ఎన్ని రకాలో, వాటిని ఏ వరుసలో దాటవలసి ఉంటుందో తెలుసుకోవడానికి ఆనంద్ అనుభవాన్ని మించిన ఉదాహరణ అరుదు.

చలికాలం తెచ్చిన చిక్కు

నాటి బొంబాయి రాష్ట్రంలో, నేటి గుజరాత్‌లో ఉన్న ఖేడా జిల్లా పాడి రైతులు ఒకప్పుడు పోల్సన్ డెయిరీకి, దాని దళారులకు లోబడి ఉండేవారు. సర్దార్ పటేల్ సలహాపై 1946లో రైతులు పాల సరఫరాను నిలిపివేసి, తమ సొంత సహకార సంఘానికి పునాది వేసుకున్నారు. ఆ ఏడాది డిసెంబర్ 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం రిజిస్టరయింది. త్రిభువన్‌దాస్ పటేల్ దానికి సారథ్యం వహించారు. 1948లో రెండు గ్రామ సంఘాల నుంచి రోజుకు సుమారు 250 లీటర్లతో సేకరణ మొదలయింది.

సంఘం పెరిగేకొద్దీ ఒక చిక్కు బయటపడింది. గేదెలు చలికాలంలో వేసవి కంటే రెండింతలకు పైగా పాలిస్తాయి. బొంబాయి నగర వినియోగం మాత్రం ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుంది. మిగులు పాలను కొనేవారు లేరు. పాలు నిలవ ఉండే సరుకు కాదు. చలికాలంలో పాలు తీసుకోలేమని సంఘం తన సభ్యులకే చెప్పవలసి వస్తే, రైతు తిరిగి దళారిని ఆశ్రయించక తప్పదు. అంటే ఇది కేవలం సాంకేతిక సమస్య కాదు, సంఘం మనుగడకే సంబంధించిన ప్రశ్న. మిగులును పొడిగా, వెన్నగా మార్చి నిలవ చేయడం ఒక్కటే దారి.

చిన్న ప్రయోగం, పెద్ద నిర్ణయం

అమెరికాలో ఇంజనీరింగ్ చదివి, ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం 1949లో ఆనంద్ చేరిన వర్గీస్ కురియన్ ఈ బాధ్యత తలకెత్తుకున్నారు. ఆయనకు తోడుగా నిలిచిన పాడి సాంకేతిక నిపుణుడు హెచ్.ఎం. దలాయా. గేదె పాలు పొడి అవుతాయని గట్టిగా వాదించింది ఆయనే. వాదనతో ఊరుకోక, రంగులు చల్లే స్ప్రే గన్‌ను, గాలిని వేడిచేసే పరికరాన్ని జతచేసి పాలను పొడిగా మార్చి చూపించారు. ఈ సంగతిని కురియన్ తన ఆత్మకథలో సవివరంగా రాశారు.

ఆ ప్రయోగానికి అయిన ఖర్చు స్వల్పం. అయితే దాని విలువ అపారం. లక్షల రూపాయల యంత్రాన్ని కొనడానికి ముందే అసలు సందేహం తీరిపోయింది. అనంతరం యునిసెఫ్, న్యూజిలాండ్ ప్రభుత్వం సహాయం అందించాయి. 1955 అక్టోబర్ 31న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆనంద్‌లో కర్మాగారాన్ని ప్రారంభించారు. గేదె పాల నుంచి పొడి తయారుచేసిన తొలి కర్మాగారంగా అది చరిత్రకెక్కింది.

నాలుక ఒప్పుకోవాలి

యంత్రం గెలిచినంత మాత్రాన సరుకు గెలవదు. అమూల్ వెన్న మార్కెట్లోకి వచ్చినప్పుడు వినియోగదారులు పెదవి విరిచారు. వారి నాలుక పోల్సన్ వెన్నకు, దాని ఉప్పదనానికి, పసుపు రంగుకు అలవాటు పడింది. తాజా మీగడతో తీసిన గేదె వెన్న తెల్లగా, చప్పగా తోచింది. తమ సరుకే స్వచ్ఛమైనదని సంఘం వాదనకు దిగలేదు. ఉప్పు, రంగు కలిపి జనం కోరిన రూపంలోనే వెన్నను అందించింది. ఆ తరువాత మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ సహకారంతో గేదె పాల నుంచి శిశు ఆహారం కూడా తయారయింది.

ఈ రెండో మెట్టు దగ్గరే తడబడిన ఉదాహరణ కూడా మన కళ్లముందుంది. 2008 జనవరిలో టాటా సంస్థ లక్ష రూపాయల కారుగా నానోను ప్రదర్శించింది. ఇంజనీరింగ్ పరంగా అది ఘనకార్యమే. సింగూరు భూవివాదం కారణంగా అదే ఏడాది కర్మాగారం గుజరాత్‌లోని సనంద్‌కు తరలింది. అంతకు మించిన దెబ్బ ‘చవక కారు’ అన్న ముద్ర. మధ్యతరగతి కుటుంబం కారు కొనేది ప్రయాణానికే కాదు, నలుగురిలో గౌరవానికి కూడా. ఆ ముద్ర నష్టం చేసిందని రతన్ టాటాయే తరువాత అంగీకరించారు. 2018లో నానో ఉత్పత్తి ముగిసింది.

ఎవరి అవసరం?

1964లో ఆనంద్‌ను సందర్శించిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఈ పద్ధతి దేశమంతా విస్తరించాలని ఆకాంక్షించారు. ఫలితంగా 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఏర్పడింది. 1970లో మొదలైన ‘ఆపరేషన్ ఫ్లడ్’ 1996 వరకు సాగింది. 1950–51లో 1.7 కోట్ల టన్నులుగా ఉన్న దేశ పాల ఉత్పత్తి 2023–24 నాటికి సుమారు 23.9 కోట్ల టన్నులకు చేరింది. ఇందులో గేదె పాల వాటా గణనీయం.

పరిశోధన, అభివృద్ధిపై భారతదేశం వెచ్చించిన మొత్తం 2020–21లో జాతీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. ఈ కేటాయింపు పెరగవలసిందే. అయితే డబ్బుతోనే పని పూర్తికాదు. ప్రయోగశాలలో విజయవంతమైన ఆలోచన అక్కడే ఆగిపోవడానికి తరచు కారణం దాని కోసం బయట ఎదురుచూసేవారు లేకపోవడమే. దలాయా ప్రయోగం ఫలితం కోసం ఖేడా జిల్లా రైతులు ఎదురుచూశారు. పొడి తయారైతే చలికాలపు పాలు అమ్ముడవుతాయి, కాకపోతే నేలపాలవుతాయి. ఆ లాభనష్టాలు రెండూ సంఘ యజమానులైన రైతులవే. అందువల్లే ‘సాధ్యం కాదు’ అన్న మాటతో సరిపెట్టుకొనే వీలు ఆనంద్‌కు లేకపోయింది.