గుహలో పాఠము చదివిన పండితుడు

చదువుకు బడి కావాలి, పుస్తకములు కావాలి అంటాము. ఆ రెండూ లేనిచోట చదువు ఎలా సాగుతుంది? ఫ్రెంచి పండితుడు ఐజాక్ కాసొబన్ జీవితము దీనికి మంచి సమాధానము.

ఆయన 1559లో జెనీవా నగరములో జన్మించారు. తల్లిదండ్రులు ప్రొటెస్టంటులు, ఫ్రాన్సులో మతహింసకు తాళలేక అక్కడికి వలస వెళ్ళినవారు. తరువాత తిరిగి వచ్చి, తండ్రి ఆర్నో క్రెస్ట్ అనే ఊరిలో మతగురువుగా పనిచేశారు. 1572లో ప్రొటెస్టంటుల ఊచకోత జరిగినప్పుడు ఆ కుటుంబము కొండలలో దాగినది. అక్కడొక గుహలో తండ్రి కుమారునికి గ్రీకు పాఠము చెప్పారు. పందొమ్మిదేండ్లు వచ్చువరకు ఆయనకు తండ్రే గురువు.

1578లో జెనీవా విద్యాలయములో చేరి, కొద్ది సంవత్సరములకే అక్కడ గ్రీకు ఆచార్యులయ్యారు. 1604లో నాలుగవ హెన్రీ రాజు గ్రంథాలయమునకు పాలకులయ్యారు. మతము మార్చుకొమ్మని ఒత్తిడి చేసినా లొంగలేదు. 1610లో రాజు హత్యకు గురి అయిన పిమ్మట ఇంగ్లండు చేరారు. హెర్మిస్ అనే ఈజిప్టు జ్ఞాని పేర ప్రసిద్ధమైన గ్రంథములు అంత ప్రాచీనములు కావని, వాటి గ్రీకు భాషను పరీక్షించి 1614లో నిరూపించారు. ఆ సంవత్సరమే కన్నుమూశారు.

చదువరులారా! నేను తెలుగు అక్షరములు దిద్దినది మన సంఘము నడిపిన తరగతిలో. ఇంటిలో నేర్పేవారు లేకపోయిరి. నేడు మన పిల్లలకు గుహలో దాగవలసిన కష్టము లేదు. రోజుకొక్క పాఠము చెప్పే పెద్దలు ఇంట ఉంటే చాలు.