పసికందు ఒంటి మీద పొట్టు: జబ్బు కాదు, తల్లి తప్పు అంతకన్నా కాదు

విస్సన్నపేట: కాన్పు అయిన రెండో రోజో మూడో రోజో బిడ్డ పాదాల మీద, మణికట్ల దగ్గర, పొట్ట మీద ఉల్లిపొర వంటి చర్మం లేచి వస్తుంది. మామిడి తోటల నడుమ వున్న ఈ ప్రాంతపు పల్లెల్లో అది చూసి ఇంటిల్లిపాదీ కంగారు పడడం కొత్త కాదు. “కడుపుతో వున్నప్పుడు వేడి చేసేవి తిన్నావు, అందుకే బిడ్డకు తోలు వూడుతోంది” అని అత్తగారి తరఫువారు అంటే, “సున్నిపిండితో నాలుగు రోజులు గట్టిగా రుద్దితే పోతుందిలే” అని నీళ్లు పోసే పెద్దమ్మ ధైర్యం చెబుతుంది. మొదటి మాటతో బాలింత పళ్లెంలో తిండి తగ్గుతుంది. రెండో మాటతో బిడ్డ ఒళ్లు ఒరుసుకుపోతుంది. జబ్బే లేనిచోట తల్లికీ బిడ్డకూ చెరో కష్టం వచ్చిపడుతోంది.

నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఒంటి మీద పొట్టు రాలడం సహజమని, దానికి మందు అక్కరలేదని పిల్లల వైద్యులు చెబుతారు. సాధారణంగా రెండు మూడు వారాల్లో అది తనంత తానే ఆగిపోతుంది.

తొమ్మిది నెలలు నీళ్లలోనే

తల్లి కడుపులో బిడ్డ ఉమ్మనీటిలో తేలుతూ వుంటుంది. అన్ని నెలలు నీటిలో వున్నా ఒళ్లు నానిపోకుండా చివరి మూడు నెలల్లో పాలమీగడ వంటి తెల్లని జిడ్డు పూత చర్మాన్ని కప్పి వుంచుతుంది. పుట్టగానే బిడ్డ ఒక్కసారిగా పొడి గాలిలోకి వస్తుంది. పూత పోతుంది, పైపొర ఆరుతుంది, పొట్టుగా రాలుతుంది. దాని అడుగున కొత్త చర్మం అప్పటికే తయారై వుంటుంది.

అందరు బిడ్డలకూ ఒకేలా రాలదు. చెప్పిన తేదీ దాటి పుట్టిన బిడ్డకు కడుపులోనే ఆ పూత చాలావరకు పోయి వుంటుంది కనుక పొట్టు ఎక్కువగా లేస్తుంది. చీలమండల దగ్గర సన్నని పగుళ్లు కూడా కనిపించవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పొట్టు తక్కువ. అయితే ఆ బిడ్డ చర్మం మరీ పలుచన కావడం వల్ల ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

తల్లి తిన్న మామిడిపండుకు, బొప్పాయికి, కోడిగుడ్డుకు ఈ పొట్టుతో ఎటువంటి సంబంధమూ లేదు. పైగా, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజూ మామూలు కంటే 600 కేలరీల ఆహారం అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పథ్యం పేరుతో పప్పు, ఆకుకూర, గుడ్డు మాన్పిస్తే తల్లి నీరసపడుతుందే తప్ప బిడ్డ ఒంటి పొట్టు ఒక్క రోజు ముందుగా ఆగదు.

నలుగుతో వచ్చే చిక్కు

బిడ్డను కాళ్ల మీద వేసుకొని నూనె రాయడం, నీళ్లు పోయడం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. మెత్తగా నూనె రాయడంలో తప్పు లేదు. పిండితో రుద్దడమే ప్రమాదం.

ఆవకాయలో పులుపు, ఉప్పు సరిపడా వుంటే ఏడాదంతా బూజు పట్టదు. చర్మానికి కూడా అటువంటి స్వల్పమైన పులుపు గుణం వుంది. సూక్ష్మక్రిములు పెరగకుండా అది కొంత అడ్డుకుంటుంది. పుట్టిన మొదటి రోజుల్లోనే బిడ్డ చర్మం ఈ గుణాన్ని సంతరించుకుంటుంది. ఘాటు సబ్బు ఆ గుణాన్ని చెడగొడుతుంది. సెనగపిండి, పెసరపిండి పెట్టి రుద్దితే ఇంకా వూడవలసిన సమయం రాని పొర కూడా లేచిపోయి పచ్చి చర్మం బయటపడుతుంది. క్రిములు లోపలికి పోవడానికి ఆ చిన్న గీతలే దారి. పెద్దవారికి ఒక సెగ్గడ్డగా పోయేది పసికందుకు రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదికి రావచ్చు.

అందుకే లేచిన పొట్టును గోటితో లాగకూడదు. పిండి, పసుపు, పౌడరు పెట్టకూడదు. బొడ్డు మీద కూడా ఏమీ రాయక పొడిగా వుంచాలి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, నోట ఆముదం పోయడం మానాలి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు పడదు.

చేయవలసినవి కొన్నే

బిడ్డ పుట్టాక 24 గంటలు గడిచేవరకు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తెల్లని పూతను రుద్ది తీయకుండా ఒళ్లు మెత్తని గుడ్డతో అద్ది, తల్లి గుండెకు ఆనించి పడుకోబెడితే బిడ్డ వెచ్చగా వుంటుంది. బొడ్డు వూడేవరకు తడిగుడ్డతో తుడవడం మేలు. బరువు తక్కువ బిడ్డకు ఎప్పుడు నీళ్లు పోయాలో వైద్య సిబ్బందిని అడిగి చేయాలి.

తరువాత కూడా రోజూ నీళ్లు పోయకపోతే నష్టం లేదు. వారానికి రెండు మూడుసార్లు చాలు. నీళ్లు గోరువెచ్చగా వున్నదీ లేనిదీ మోచేతితో చూసుకోవాలి. ఐదు పది నిమిషాల్లో ముగించి, మెడ, చంక, గజ్జల మడతల్లో తడి లేకుండా అద్దాలి. ఒళ్లు బాగా పొడిబారితే, పగుళ్లు వుంటే శుభ్రమైన కొబ్బరినూనె పలుచగా రాయవచ్చు. ఆవనూనె మంట పుట్టిస్తుంది కనుక వద్దు. రాసేవారు ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, గోళ్లు తీసుకోవాలి, గాజులు, ఉంగరాలు గీసుకోకుండా చూసుకోవాలి.

ఎండాకాలంలో మందపు గుడ్డలు చుట్టి గాలి ఆడని గదిలో వుంచితే పొట్టుకు తోడు చెమటకాయలు లేస్తాయి. ఉతికిన పలుచని నూలు గుడ్డ చాలు.

ఇవి కనిపిస్తే ఆగవద్దు

పొట్టు అన్నది ఎప్పుడూ నిరపాయమే అనుకోవడం కూడా తప్పే. మామూలు పొట్టు పొడిగా వుంటుంది, అడుగున చర్మం ఆరోగ్యంగా వుంటుంది, బిడ్డ చక్కగా పాలు తాగుతుంది. అలా కాక ఒళ్లు ఎర్రగా కమిలి, ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తూ, కాలిన చోట వూడినట్టు తోలు జారివస్తే అది క్రిముల వల్ల వచ్చిన జబ్బు. అరచేతులు, అరికాళ్లలో నీటి పొక్కులతో తోలు వూడితే తల్లి నుంచి సంక్రమించిన సిఫిలిస్ ఏమో పరీక్ష చేయించాలి. ఒంటికి మెరిసే పలుచని కాగితం చుట్టినట్టు పుట్టిన బిడ్డను వెంటనే నిపుణులకు చూపాలి. పుట్టుకతో వచ్చే ఇటువంటి చర్మపు జబ్బులకు మేనరికాల్లో అవకాశం కొంత ఎక్కువ.

చీము పొక్కులు పదో అంతకుమించో వున్నా, పెద్ద గడ్డ లేచినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా, పాలు తాగడం మానినా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా తాయెత్తులతో, పసరు మందులతో కాలయాపన చేయరాదు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. దారిలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వుంచాలి, తాగగలిగితే పాలు ఇస్తూనే వుండాలి.

ఆశా కార్యకర్త వచ్చినప్పుడు

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. దిష్టి తగులుతుందని బిడ్డను గుడ్డల్లో దాచి ముఖం మాత్రమే చూపడం వల్ల ఆ రాకకు ప్రయోజనం లేకుండా పోతుంది. గుడ్డ విప్పి, వెలుతురులో ఒళ్లంతా చూపాలి. బరువు, జ్వరం చూడడానికి కావలసిన సామగ్రి ఆమె వద్ద వుంటుంది. అడిగి చూయించుకోవాలి. నీళ్లు పోసే పెద్దమ్మను, అత్తగారిని కూడా ఆ సమయాన పక్కన కూర్చోబెట్టుకుంటే పొట్టు సంగతి అందరూ ఒకేసారి వింటారు. బాలింతకు విడిగా సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం తప్పుతుంది.